రెండో షాపు మూసేసిన కర్రీ పాయింట్: ఒక కేస్ స్టడీ

నేను బెంగళూరులో చిన్న వ్యాపారాలకు లెక్కలు, పన్నులు చూస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. మెస్సులు, పీజీలు, టైలరింగ్ షాపులు, పచ్చళ్ళ వ్యాపారాలు. ఇక్కడ రాస్తున్నది మారతహళ్ళి వైపు ఉన్న ఒక కర్రీ పాయింట్ సంగతి. నడిపేది భార్యాభర్తలు, కనిగిరి ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళని అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, అంకెల్ని దగ్గరి వేలకు సర్దాను.

2025 జనవరిలో, సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చిన వారంలోనే, ఆయన మూడో షాపు ప్లాను పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. బ్యాంకు లోనుకు ప్రాజెక్ట్ రిపోర్ట్ కావాలి. ముద్రా లోనులో అప్పటికి కొద్ది నెలల క్రితమే 20 లక్షల దాకా ఇచ్చే తరుణ్ ప్లస్ వచ్చింది. అయితే అది అంతకుముందు 10 లక్షల దాకా ఇచ్చే తరుణ్ లోను తీసుకుని కట్టేసినవాళ్ళకే. ఈయన తీసుకోలేదు. అంటే 10 లక్షల్లోపే చూసుకోవాలి. ఆ మాట చెప్పాను. "పది చాలు మేడం, మిగతాది నేను సర్దుకుంటా" అన్నారు. ఆ సర్దుకోవడం ఎలాగో అడిగితే సమాధానం సరిగ్గా రాలేదు. అందుకని రిపోర్ట్ రాసే ముందు ఇప్పుడున్న రెండు షాపుల లెక్క విడివిడిగా తీద్దామన్నాను. అప్పటిదాకా రెండింటి డబ్బూ ఒకే ఖాతాలో పడుతోంది, ఒకే ఖాతాలోంచి పోతోంది.

వ్యాపారం ఎలాంటిదో ముందు చెప్పాలి. కర్రీ పాయింట్ మనవాళ్ళకు కొత్త కాదు, కానీ దాని లాభం ఎక్కడ పుడుతుందో లోపలున్నవాళ్ళు కూడా ఆగి చూసుకోరు. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఉండేదే అసలు వ్యాపారం. పీజీ పిల్లలు, ఇద్దరూ ఉద్యోగాలకెళ్ళే జంటలు, కుక్కర్లో అన్నం పెట్టేసి కూర కోసం మెట్లు దిగి వచ్చేవాళ్ళు. పప్పు, సాంబారు, ఒక వేపుడు, ఒక పులుసు, కోడికూర. రేట్లు పెంచడం కుదరదు, ఎందుకంటే అదే వీధిలో ఇంకో రెండు బోర్డులుంటాయి. మిగిలిన కూర రేపటికి పనికిరాదు. కాబట్టి లాభమంతా రెండు చోట్ల ఉంటుంది: ఎంత వండాలో తెలిసిన చెయ్యి, ఎంతకు కొనాలో తెలిసిన కన్ను. ఈ ఇంట్లో ఆ చెయ్యి ఆవిడది, ఆ కన్ను ఆయనది.

మొదటి షాపు 2017లో పెట్టారు. ఆయన తెల్లవారకముందే మడివాళ మార్కెట్‌కు వెళ్ళి కూరగాయలు తెస్తారు, యశవంతపుర యార్డ్ నుంచి సోనామసూరి బస్తాలు వేయించుకుంటారు. ఆవిడ పొద్దున్న ఎనిమిదింటికి మధ్యాహ్నం వంట మొదలుపెడితే మళ్ళీ మూడింటికి సాయంత్రం వంట. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక పీజీలు ఖాళీ అయిపోయాయి. ఆ ఏడాది గురించి ఇద్దరూ ఎక్కువ మాట్లాడరు. నేనూ అడగలేదు. 2022 చివరికి ఆఫీసులు మళ్ళీ నిండడంతో అమ్మకం పాత స్థాయి దాటింది. 2023 చివర్లో బెళ్ళందూరులో రెండో షాపు తెరిచారు.

రెండోది ఎందుకు తెరిచారంటే ఆయన దాపరికం లేకుండా చెప్పారు. తోడల్లుడికి హైదరాబాద్‌లో మూడు షాపులున్నాయి. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా "ఇంకా ఒక్కటేనా అన్నా?" అనే మాట వినాల్సి వచ్చేది. దాన్ని నేను చిన్న విషయంగా తీసిపారెయ్యను. ఊరొదిలి వచ్చి గిన్నెలు కడిగే పనితో మొదలైన మనిషికి తను ఎదిగానని చెప్పుకోడానికి బోర్డుల సంఖ్య తప్ప ఇంకో ఆధారం ఎవరూ ఇవ్వలేదు. రెండు షాపులూ కలిపి నెలకు 9 లక్షల అమ్మకం. ఏడాదికి కోటీ 8 లక్షలు. "కోటి దాటాం మేడం" అని ఆయన అన్నప్పుడు ఆ గొంతులో ఉన్న గర్వం న్యాయమైనదే. అన్నేళ్ళ కష్టం అది.

ఇక లెక్క. మారతహళ్ళి షాపు నెలకు 5 లక్షల 40 వేలు అమ్ముతుంది. జీఎస్టీ కాంపొజిషన్ పద్ధతిలో, అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద ఒకే శాతం కట్టేసే పద్ధతిలో ఉన్నారు కాబట్టి అమ్మకం మీద 5 శాతం, అంటే 27 వేలు. ఆ పద్ధతిలో కస్టమర్ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, అది యజమాని జేబులోంచే పోవాలి. చాలామంది దీన్ని ఖర్చుగా రాసుకోరు. మూడు నెలలకోసారి కట్టేటప్పుడు గుండె గుభేలుమంటుంది. సరుకులు, కూరగాయలు, చికెన్ కలిపి 2 లక్షల 43 వేలు. 19 కిలోల గ్యాస్ సిలిండర్లకు 30 వేలు. డబ్బాలు, కవర్లు 25 వేలు. అద్దె 42 వేలు. కరెంటు, నీళ్ళు 15 వేలు. పనివాళ్ళకు 84 వేలు. అన్నీ పోను 74 వేలు మిగులుతోంది.

బెళ్ళందూరు షాపు 3 లక్షల 60 వేలు అమ్ముతుంది. పన్ను 18 వేలు, సరుకులు లక్షా 76 వేలు, గ్యాస్ 22, ప్యాకింగ్ 17, అద్దె 50, కరెంటు నీళ్ళు 12, జీతాలు 74 వేలు. నెలకు 9 వేలు నష్టం.

ఇంతటితో అయిపోలేదు. ఆ షాపు తెరవడానికి 11 లక్షలు పెట్టారు. అందులో 5 లక్షలు అడ్వాన్సు, బెంగళూరు లెక్కన పది నెలల అద్దె. మిగతా 6 లక్షలు గిన్నెలు, పొయ్యిలు, ఫ్రీజర్, కౌంటర్, బోర్డు. చేతిలో ఉన్నవి 3 లక్షలే. 4 లక్షలు బంధువుల దగ్గర నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చారు. ఇంకో 4 లక్షలు ఆవిడ గాజులు, గొలుసు పెట్టి గోల్డ్ లోను తీసుకున్నారు. రెండింటికీ కలిపి నెలకు 10 వేలు వడ్డీ. 74లోంచి 9 తీసి, 10 తీస్తే 55 వేలు. రెండు షాపుల యజమానులు ఒక్క షాపు ఉన్నప్పటికంటే నెలకు 19 వేలు తక్కువ ఇంటికి తీసుకెళ్తున్నారు. ఏడాదికి పైగా అలాగే నడిచింది, ఎవరూ చూసుకోలేదు. చూసుకోకపోవడానికి కారణం బద్ధకం అనుకోను. రోజూ సాయంత్రం రెండు కౌంటర్ల దగ్గరా జనం ఉంటే, ఫోన్‌లో డబ్బులు పడ్డ చప్పుడు వినిపిస్తూ ఉంటే, నష్టం వస్తోందని ఎవరికి తోస్తుంది?

2024 ఎండాకాలం దీన్ని ఇంకా ముదరబెట్టింది. ఆ మార్చిలో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెనక పడింది, చివరికి ట్యాంకర్ రేట్లకు ప్రభుత్వమే పరిమితి పెట్టింది. బెళ్ళందూరు బిల్డింగ్‌లో బోరు ఆగిపోవడంతో ఆ రెండు నెలలూ నీళ్ళకే అద్దెలో మూడో వంతు అయింది. అప్పుడే ఆగి చూసుకుని ఉంటే బాగుండేదని ఆవిడ అన్నారు. ఆయన మాత్రం ఎండాకాలం పోతే సర్దుకుంటుందనుకున్నారు.

లెక్క ఇక్కడిదాకా వచ్చాక నేను అడిగిన ప్రశ్న, ఈ కేసు మొత్తానికీ మలుపు అనుకుంటాను. ఇద్దరూ ఎదురుగా ఉన్నారు. "ఈ 55 వేలల్లో మీ జీతం ఎంత?" అన్నాను.

"మనది మనం చేసుకుంటే జీతమేంటి మేడం?" అన్నారాయన.

"సరే, మీరిద్దరూ రెండు నెలలు ఊళ్ళో ఉండాల్సి వచ్చిందనుకోండి. ఆవిడ పనికి ఎవర్ని పెడతారు, ఎంతిస్తారు?"

ఆయన ఆలోచిస్తుండగానే ఆవిడ అందుకున్నారు. "బెళ్ళందూరులో ఉన్న మాస్టర్‌కి 34 వేలిస్తున్నాం మేడం. వాడికి పులుసు పెట్టడం నేర్పింది నేనే."

ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె వంటకు 35 వేలు, ఆయన చేసే కొనుగోలు, కౌంటర్, మనుషుల్ని చూసుకునే పనికి 30 వేలు వేసుకున్నాం. బయట మనిషిని పెడితే అంతకు తక్కువ కాదు. మొత్తం 65 వేలు. అంటే ఒక్క మారతహళ్ళి షాపే ఉన్నప్పుడు వాళ్ళ జీతాలు పోను వ్యాపారానికి మిగిలింది 9 వేలు. రెండు షాపులయ్యాక ఆ జీతాలకే 10 వేలు తక్కువ పడుతోంది. కోటి రూపాయల వ్యాపారం ఇద్దరు మనుషులకు పూర్తి జీతం ఇవ్వలేకపోతోంది.

ఇది ఎందుకు కనపడదో చెప్పాలి, ఎందుకంటే తప్పు వీళ్ళది కాదు. ప్రొప్రైటర్‌షిప్‌లో, అంటే ఒక్కరి పేరు మీదే ఉన్న వ్యాపారంలో, యజమాని తనకు తాను ఇచ్చుకునే జీతాన్ని ఆదాయపు పన్ను చట్టం ఖర్చుగా ఒప్పుకోదు. అది సొంత వాడకం కిందికి వస్తుంది. ప్రిజంప్టివ్ పద్ధతిలో, అంటే లాభాన్ని అంచనాగా చూపించే పద్ధతిలో, రిటర్న్ వేస్తే డిజిటల్ వసూళ్ళ మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపిస్తే చాలు, పుస్తకాలే అక్కర్లేదు. చిన్న వ్యాపారికి అది మంచి సదుపాయం. నేనే నా క్లయింట్లలో చాలామందికి అదే వేస్తాను. కానీ దానివల్ల ఒక సంగతి జరుగుతుంది. జీఎస్టీ కాగితం టర్నోవర్ అడుగుతుంది, రిటర్న్ టర్నోవర్ అడుగుతుంది, బ్యాంకు టర్నోవర్ అడుగుతుంది, పెళ్ళిలో తోడల్లుడూ అదే అడుగుతాడు. ఆ ఇంటి ఇల్లాలు రోజుకు పదమూడు గంటలు పొయ్యి దగ్గర నిలబడుతోందన్న సంగతి ఏ కాగితం మీదా ఉండదు. అందుకే నేను చిన్న వ్యాపారులందరికీ మొదట చెప్పేది ఇది: ప్రభుత్వానికి ఇచ్చే లెక్క వేరు, ఇంట్లో పెట్టుకునే లెక్క వేరు. ఇంటి లెక్కలో మొదటి గీత మీ ఇద్దరి జీతాలు. అవి తీశాక మిగిలిందే లాభం.

ఆ రోజు ప్రాజెక్ట్ రిపోర్ట్ ఊసు ఎత్తలేదు. బదులుగా ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా రాయమన్నాను: ఇంకో మూడేళ్ళకు ఏం జరిగితే మనం గెలిచాం అనుకుంటారు? ఈ పని నేను తరచూ చేయిస్తాను. దంపతులు కలిసి నడిపే వ్యాపారంలో లక్ష్యం ఒకటే ఉంటుందని అందరూ అనుకుంటారు, కాగితాలు పక్కపక్కన పెట్టేదాకా.

ఆయన రాసింది: నాలుగు షాపులు, కనిగిరిలో ఇల్లు, కారు. ఆవిడ రాసింది: పాప పదో తరగతికి వచ్చేసరికి సాయంత్రాలు ఇంట్లో ఎవరో ఒకరం ఉండాలి, మోకాళ్ళకు డాక్టర్‌కి చూపించుకోవాలి, గాజులు విడిపించాలి. చివర్లో ఇంకో లైను: "లెక్కలు నేనూ చూడాలి." ఆ లైను దగ్గర ఆయన ఆగిపోయారు. చూపించకూడదని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. అడగాలని ఆవిడకూ ఇన్నేళ్ళూ అనిపించలేదు. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చాక ఎవరికి ఓపిక ఉంటుంది?

ఆయన కాగితం గురించి కూడా చాలాసేపు మాట్లాడుకున్నాం. నాలుగు షాపులుంటే ఆ రోజు ఎలా గడుస్తుందో పొద్దున్నుంచి రాత్రిదాకా చెప్పమన్నాను. చెప్తూ చెప్తూ ఆయనే అన్నారు, "ఇప్పటికే రింగ్ రోడ్డు మీదే సగం రోజు పోతోంది మేడం." ఆయనకు నిజంగా ఇష్టమైన పని మార్కెట్. ఏ వంకాయ లోపల పుచ్చిందో పైనుంచే చెప్పగలరు. టమాటా రేటు పెరగబోతోందంటే రెండు రోజుల ముందే పసిగడతారు. రెండో షాపు పెట్టాక ఆ పని ఒక కుర్రాడికి అప్పగించి, తను మాస్టర్ రాని రోజున ఇంకో మాస్టర్‌ని వెతకడం, గ్యాస్ అయిపోయిందంటే పరిగెత్తడం, కౌంటర్‌లో డబ్బులు తేడా వస్తే గొడవపడటం చేస్తున్నారు. తనకు బాగా వచ్చిన పని వదిలేసి, రాని పని చేస్తూ అలిసిపోతున్నారు. ఎదగడమంటే అదేనని నమ్మారు కాబట్టి ఆ అలసటను కూడా భరించారు.

గరిటె పుస్తకం

షాపు మూసేయమని నేను చెప్పలేదు. ఆ నిర్ణయం వాళ్ళది. నేను చెప్పింది ఒక్కటే: ఫిబ్రవరి నెలంతా రెండు షాపుల్లోనూ రాత్రి మూసేముందు ఏ గిన్నెలో ఎన్ని గరిటెలు మిగిలిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. కిలోల్లో కొలవమంటే ఎవరూ కొలవరు. గరిటె ఎలాగూ చేతిలోనే ఉంటుంది, ఒక గరిటెన్నర ఒక డబ్బా అని వాళ్ళకు తెలుసు. ఏ కూర ఎన్నింటికి అయిపోయిందో కూడా పక్కనే రాయాలి.

ఆ నోట్‌బుక్ నేను ఇప్పటికీ కొత్త క్లయింట్లకు చూపిస్తాను. నాలుగు గీతలు కొట్టిన నూట తొంభై రెండు పేజీల మామూలు పుస్తకం, అట్ట మీద పసుపు మరక. మారతహళ్ళిలో పప్పు ఎనిమిదింటికే ఖాళీ, దొండకాయ వేపుడు రోజూ పది పన్నెండు గరిటెలు మిగులు. బెళ్ళందూరులో దాదాపు ప్రతి గిన్నెలోనూ మిగులు, శనివారాలు కోడికూర మరీ ఎక్కువ. పద్నాలుగు రకాలు పెడితే గొప్పగా ఉంటుందని పెట్టారు. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఐదు రకాల చుట్టూనే తిరుగుతున్నారు. మిగతా రకాలు గిన్నెల్లో నిండుగా కనపడటానికే వండుతున్నట్టు అయింది. ఆవిడ ఆ పుస్తకం చూసి మారతహళ్ళిలో రకాలను తొమ్మిదికి తగ్గించారు, పప్పు రెండు విడతలుగా పెట్టడం మొదలుపెట్టారు. సరుకుల ఖర్చు అమ్మకంలో 45 శాతం ఉండేది, రెండు నెలల్లో 41కి దిగింది. నాలుగు శాతమంటే ఆ షాపులో నెలకు 21 వేల పైచిలుకు. రెండో షాపు పెట్టినందువల్ల నెలనెలా పోతున్న 19 వేలూ మొదటి షాపు చెత్తబుట్టలోనే దొరికాయి.

బెళ్ళందూరుకు అదే మందు వేస్తే నష్టం తగ్గేది, నిజమే. కానీ అక్కడ అద్దె అమ్మకంలో 14 శాతం. మారతహళ్ళిలో అది 8 లోపే. నేను చూసిన కర్రీ పాయింట్లలో అద్దె అమ్మకంలో పదో వంతు దాటితే ఎంత బాగా వండినా ఊపిరాడదు. పైగా అక్కడ ఆవిడ చెయ్యి లేదు. ఆమె వారానికి రెండుసార్లు వెళ్ళి రుచి చూసి వచ్చేవారు, అంతే. మార్చిలో వాళ్ళిద్దరూ వచ్చి, బెళ్ళందూరు మూసేస్తామన్నారు.

మూసేయడంలో కష్టనష్టాలు దాచకుండా రాస్తాను. పోయింది చాలానే ఉంది. అడ్వాన్సు 5 లక్షల్లో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకుని నాలుగున్నర ఇచ్చారు. ఇది ఈ ఊళ్ళో రివాజు, అగ్రిమెంట్‌లో కూడా ఉంది. 6 లక్షల సామానుకు లక్షా 70 వేలు వచ్చింది. బోర్డుకు, కౌంటర్‌కు పైసా రాలేదు. అంటే 4 లక్షల 80 వేలు తేలిగ్గా పోయాయి, నెలనెలా పోయిన నష్టం వేరు. పనివాళ్ళ విషయం నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఒక వంట కుర్రాణ్ణి మారతహళ్ళికి తెచ్చుకున్నారు. మాస్టర్‌కి కుందలహళ్ళిలో ఆవిడే పని చూసిపెట్టారు. మిగిలినవాళ్ళకు ఒక నెల జీతం అదనంగా ఇచ్చారు. ఇవ్వాలని ఆయనకు అనిపించింది.

వచ్చిన డబ్బులో 4 లక్షలతో బంధువుల బాకీ మొదట తీర్చారు. అది నేను గట్టిగా పట్టుబట్టాను. వడ్డీ ఎక్కువ కావడం ఒక కారణం, ఆ బాకీ ఉన్నన్నాళ్ళూ ఆయన నిర్ణయాలన్నీ వాళ్ళకు ఎలా కనపడతాయో అన్న టెన్షన్‌తోనే ఉండేవి, అది ఇంకో కారణం. మిగిలిన 2 లక్షల 20 వేలు గోల్డ్ లోనులోకి పోయాయి.

ఊళ్ళో చెప్పిన మాట

అంకెల పని తేలిక. బంధువులకు చెప్పడమే అసలు పని. మొదట్లో ఆయన "బిల్డింగ్ ఓనర్ ఖాళీ చేయమన్నాడు" అని చెప్పుకొచ్చారు. ఆవిడకు అది నచ్చలేదు. మనం ఆలోచించి, లెక్క చూసుకుని చేసిన పనిని ఎవడో తరిమితే చేసినట్టు ఎందుకు చెప్పుకోవాలని ఆమె వాదన. నాకూ అదే అనిపించింది. మన దగ్గర షాపు మూసేశాడంటే దివాలా తీశాడనే అర్థం. అప్పులవాళ్ళు ముందే ఫోన్లు చేస్తారు, పిల్లల సంబంధాల దాకా పోతుంది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అందుకే నష్టపోతున్న షాపును ఏళ్ళతరబడి మోసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. పరువు కోసం నడిపే షాపుకు నెలనెలా ఎంత కడుతున్నామో ఒక్కసారి రాసుకుంటే, ఆ డబ్బుతో ఊళ్ళో ఏం చేయొచ్చో తెలుస్తుంది.

మే నెలలో ఒక పెళ్ళిలో తోడల్లుడు మళ్ళీ అడిగాడట. ఈసారి ఆయన లెక్క చెప్పారు. అద్దె ఎంత, అమ్మకం ఎంత, వడ్డీ ఎంత, ఇంట్లో ఇద్దరి జీతం వేసుకుంటే ఎంత తేలింది, అన్నీ. తోడల్లుడు చాలాసేపు విని, తన మూడు షాపుల్లో రెండోదాని అద్దె గురించి అడగడం మొదలుపెట్టాడట. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆయన గొంతులో నాకు "కోటి దాటాం" అన్నప్పటి గర్వమే వినిపించింది. ఈసారి దాని కింద లెక్క ఉంది.

అదే సంవత్సరం జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ళు చూసి వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. సరుకులమ్మేవాళ్ళు ఏడాదికి 40 లక్షలు, సేవలందించేవాళ్ళు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి కదా, చాలామందికి ఆ సంగతే తెలియదు. వీధి వీధినా క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి క్యాష్ మాత్రమే అని రాసుకున్నారు. వీళ్ళకు ఆ బెడద రాలేదు, రిజిస్ట్రేషన్ ఎప్పటినుంచో ఉంది, కట్టాల్సింది కట్టారు. ఆ వారంలో చుట్టుపక్కల షాపులవాళ్ళు వచ్చి ఆవిడను అడగడం మొదలుపెట్టారు. కాంపొజిషన్ అంటే ఏమిటో, మూడు నెలలకోసారి ఏం కట్టాలో ఆవిడే కూర్చోబెట్టి చెప్పారు. కొందరిని నా దగ్గరికి పంపారు. ఏప్రిల్ నుంచి షాపు లెక్కలన్నీ ఆవిడే రాస్తున్నారు. మొదట నోట్‌బుక్‌లో, తర్వాత పాప ఫోన్‌లో పెట్టిచ్చిన షీట్‌లో.

ఆవిడ పేరు కాగితం మీదికి తేవాలని ఆయన అడిగారు. పార్ట్‌నర్‌షిప్ పెడదామా అన్నారు. నేను వద్దన్నాను, కారణం చెప్తాను. ఫర్మ్ పెడితే దాని లాభం మీద నేరుగా 30 శాతం పన్ను. వ్యక్తిగా అయితే 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు. పైగా పాన్ మారుతుంది కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ మళ్ళీ కొత్తగా తీసుకోవాలి. పోనీ ఆవిడను ఉద్యోగిగా చూపించి జీతం రాద్దామంటే, వృత్తి అర్హత లేని భార్యకు భర్త వ్యాపారంలోంచి ఇచ్చే జీతం తిరిగి భర్త ఆదాయంలోనే కలుస్తుంది. కాబట్టి చేసిందేమిటంటే, ప్రతి నెలా ఒకటో తారీఖున షాపు కరెంట్ ఖాతా నుంచి 30 వేలు ఆవిడ సొంత సేవింగ్స్ ఖాతాకు, 30 వేలు ఆయన ఖాతాకు పోతాయి. చట్టం దాన్ని జీతం అనదు, ఆ డబ్బు మీద వచ్చే వడ్డీని కూడా ఆయన ఆదాయంలోనే చూపిస్తున్నాం. అయినా ఆ ఖాతా ఆవిడది, అందులో ఏం చేయాలో ఆవిడ ఇష్టం. షాపు అగ్రిమెంట్ రెన్యూవల్ అప్పుడు ఇద్దరి పేర్లూ రాయించారు.

ఇప్పటి లెక్క ఇది. ఆదివారం సాయంత్రం మూసేస్తున్నారు కాబట్టి అమ్మకం 5 లక్షల 20 వేలకు తగ్గింది. పన్ను 26, సరుకులు 2 లక్షల 13 వేలు, గ్యాస్ 27, ప్యాకింగ్ 23, పెరిగిన అద్దె 44, కరెంటు నీళ్ళు 15, బెళ్ళందూరు నుంచి వచ్చిన వంట కుర్రాడితో కలిపి జీతాలు లక్షా 2 వేలు. మిగిలేది 70 వేలు. ఇద్దరి జీతాలు 60 పోను షాపుకు 10 వేలు. ఒక్క షాపు రోజుల్లో వచ్చిన 74 కన్నా ఇది తక్కువే. కానీ అప్పుడు ఆవిడ పొయ్యి దగ్గర రోజుకు పదమూడు గంటలు నిలబడేవారు, ఇప్పుడు ఎనిమిది. మిగతా గంటల ఖరీదు ఆ కుర్రాడి 18 వేలు. ఆ ఖర్చు తెలిసే పెట్టుకున్నారు.

ఎవరైనా ఈ కేసు చదివి చిన్నగా ఉండటమే మంచిదని అనుకుంటే నేను ఒప్పుకోను. రెండో షాపు పెట్టి బాగుపడ్డవాళ్ళకు కూడా నేనే లెక్కలు చూస్తున్నాను. పెద్దది కావాలన్న ఆశలో తప్పేమీ లేదు. ఆ ఆశకు డబ్బు ఎవరు కడుతున్నారో, ఎవరి మోకాళ్ళు కడుతున్నాయో తెలిసి చేయాలి. వీళ్ళతో కూర్చుని మళ్ళీ ఎప్పుడు షాపు పెట్టొచ్చో కూడా రాసుకున్నాం. ఇద్దరి జీతాలూ ఏడాదిపాటు ఒక్క నెలా తప్పకుండా పడాలి. ఆవిడ పదిహేను రోజులు లేకపోయినా రుచి మారిందని ఒక్క కస్టమరూ అనకుండా వంట నడిచే మనిషి తయారవ్వాలి. కొత్త చోట అద్దె, అక్కడ రాగల అమ్మకంలో పదో వంతు దాటకూడదు. అడ్వాన్సు సొంత డబ్బుతోనే కట్టాలి, బంగారం జోలికి పోకూడదు.

సంక్రాంతికి ముందే గోల్డ్ లోను మొత్తం తీరిపోయింది. పండగకు ఆవిడ గాజులు వేసుకునే ఊరెళ్ళారు. ఆ తర్వాత ఆయన ఒక ఖాళీ షాపు చూసి వచ్చారు, పీజీల మధ్యలో, మంచి సెంటర్. అద్దె 48 వేలు చెప్పారట. ఏడు నుంచి తొమ్మిది దాకా రెండు సాయంత్రాలు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి, పక్క కర్రీ పాయింట్‌కి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టారు. 4 లక్షల 80 వేల అమ్మకం అక్కడ వచ్చేలా ఉంది, అద్దె లెక్క సరిపోతుంది. అడ్వాన్సుకు సొంత డబ్బు ఇంకా సగం కూడా లేదు. కుర్రాడికి కోడికూర, వేపుళ్ళు వచ్చేశాయి, పులుసు దగ్గర చింతపండు కొలత ఇంకా కుదరడం లేదని ఆవిడ అంటున్నారు. ఆ ఓనరుకు ఫోన్ చేసి ఇప్పుడు వద్దని చెప్పేశామని, వచ్చే ఏడాది మళ్ళీ చూస్తామని ఇద్దరూ కలిసే నాకు చెప్పారు.